సీటు సులువే, గట్టెక్కడమే కష్టం

ఇంటర్ ఫలితాలు వెలువడి నెల తిరక్కముందే పలమనేరు బస్టాండు చుట్టుపక్కల గోడల మీద కొత్త కాగితాలు కనిపిస్తాయి. తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ, కింద బెంగళూరు, కోలారు ఫోన్ నంబర్లు, "సీట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి" అన్న మాట. అదే నెలలో వి.కోట, బైరెడ్డిపల్లె, గంగవరం, పెద్దపంజాణి పల్లెల్లో కొంగుముళ్లు విప్పుతారు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బు కొందరిది, టమోటా ధర నిలబడ్డ ఏడాది మిగిలిన డబ్బు కొందరిది, పాలిచ్చే ఆవును సంతకు తోలితే వచ్చిన డబ్బు మరికొందరిది. బిడ్డకు నర్సింగు సీటు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటారు. పెట్టె సర్దుతారు. తండ్రి తోడు వెళ్లి హాస్టల్లో దింపి వస్తాడు.

అక్కడి నుంచి ఏమైందన్నది ఎవరూ అడగరు. ఎందరు చేరారో ఊళ్లో అందరికీ తెలుసు. ఎందరు చివరి పరీక్ష దాకా వెళ్లారు, ఎందరి పేరు నర్సుల కౌన్సిల్లో నమోదైంది, ఎందరి చేతికి జీతం అందింది అన్న లెక్క మాత్రం ఏ ఇంటి గడపలోనూ వినబడదు. మధ్యలో తిరిగొచ్చిన బిడ్డ సంగతి ఆ ఇంటివాళ్లు బయట పెట్టరు. "ఒంట్లో బాగలేక వచ్చేసింది" అని సరిపెడతారు. ఒంట్లో బాగలేకపోవడం కొన్నిసార్లు నిజమే కావచ్చు. ఎక్కువసార్లు బాగలేనిది మొదటి సంవత్సరం మార్కుల కాగితం.

నర్సు చదువు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా పలమనేరు, పుంగనూరు వేలూరుతో కలిసి ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అదే 1911లో ఆర్కాటు మిషన్ వారు మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరిచారు. 1915లో ఆ ఊరికి కొద్ది దూరంలో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం మొదలైంది. డెన్మార్కు దేశస్తుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. క్షయకు మందు లేని రోజులవి. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతవరకు రోగికి ఇచ్చేదల్లా విశ్రాంతి, బలమైన తిండి, గాలి, వెలుతురు, వేళకు ఉష్ణోగ్రత చూసి చార్టులో గీయడం. అంటే ఆ వైద్యంలో డాక్టరు చేసేదానికంటే నర్సు చేసేదే ఎక్కువ. ఈ రెండు చోట్లా నర్సులకు శిక్షణ ఇచ్చారు. పక్కనే వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లోనే నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1946లో అక్కడ, అదే సంవత్సరం ఢిల్లీలో, నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. దేశంలో మరెక్కడా అప్పటికి ఆ డిగ్రీ లేదు. ఈ మధ్య కాలానికి వస్తే, 2000 తర్వాత కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, దానితోపాటు నర్సింగు కళాశాల వచ్చాయి.

ఇంత దగ్గరలో ఇంత చరిత్ర ఉన్నా, 1970, 80లలో ఇక్కడి ఆసుపత్రుల్లో సిస్టర్ అంటే మలయాళీ ఆవిడే అనుకునేవారు. ఆడపిల్లను రాత్రి డ్యూటీలకు పంపడమా, పరాయివాళ్ల ఒళ్లు తుడవడమా అని ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు. ఆ పట్టింపు ఇప్పుడు చాలావరకు పోయింది. అన్ని కులాల ఇళ్ల నుంచీ ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ చేరుతున్నారు. పట్టింపు పోయి డబ్బు పెట్టడానికి ఇల్లు సిద్ధపడ్డాక కూడా చదువు మధ్యలో తెగిపోతుంటే, దాన్ని బిడ్డ తెలివి తక్కువతనం కింద కొట్టేయడం న్యాయం కాదు.

అసలు దెబ్బ మొదటి నెలలోనే తగులుతుంది. ఊరి బడిలో తెలుగులో చదువుకున్న అమ్మాయి ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్ అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో వచ్చి పడతాయి. వచ్చేది మామూలు ఇంగ్లీషు కూడా కాదు. సగం మాటలు లాటిను నుంచీ గ్రీకు నుంచీ వచ్చినవి. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, అర్థం కనిపించదు. అర్థం కాకపోతే అమ్మాయి చేసేది ఒకటే, బట్టీ పట్టడం. జనరల్ నర్సింగులో ప్రతి సబ్జెక్టుకు థియరీలో వేరుగా, ప్రాక్టికల్లో వేరుగా 50 శాతం రావాలి. పదో తరగతిలో గట్టెక్కించిన 35 ఇక్కడ చెల్లదు. ఈ సంగతి చేరిన ఆర్నెల్లకు గానీ తెలియని విద్యార్థులున్నారు, వాళ్ల తల్లిదండ్రులకు మూడేళ్లయినా తెలియదు.

ఈ భాష భయాన్ని తీర్చడం పెద్ద విద్యేమీ కాదు. వైద్యం మాటలన్నీ ముక్కలు అతికించి కట్టినవే. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. గ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర. కనుక హైపోగ్లైసీమియా అంటే చక్కెర పడిపోవడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరిగిపోవడం. మాట చివర ఐటిస్ ఉంటే ఆ భాగం వాచి మంట పుట్టిందని, ఎక్టమీ ఉంటే దాన్ని కోసి తీసేశారని. అపెండిసైటిస్ వస్తే అపెండెక్టమీ చేస్తారు. టాన్సిలైటిస్ ముదిరితే టాన్సిలెక్టమీ చేస్తారు. ఇలాంటి ముక్కలు యాభై, అరవై తెలిస్తే పుస్తకంలో సగం బరువు తగ్గుతుంది. వీటిని మొదటి నెలరోజులు తెలుగులో కూర్చోబెట్టి చెప్పే కళాశాలలు ఎన్ని ఉన్నాయో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. బస్సు ఉందా, ఏసీ గదులున్నాయా అని అడిగేవారు ఈ మాట కూడా అడిగితే కళాశాలలు దారికి వస్తాయి. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. కుప్పం, వి.కోట వైపు పిల్లలకు తెలుగుతో పాటు తమిళం, కన్నడం ఇంట్లోనే వస్తాయి. మూడు భాషలు నోటికి వచ్చిన బిడ్డకు నాలుగోది రాదనడం బోధించేవారి సోమరితనం.

రెండో భయం లెక్కలు. బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి అనుకునే పిల్లలు ఎక్కువ. నర్సింగులో లెక్కలు తప్పవు, పైగా అవి ప్రాణం మీద లెక్కలు. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటల్లో ఎక్కించాలని డాక్టరు రాస్తారు. డ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు పడేది. నిమిషానికి ఎన్ని చుక్కలు వదలాలి? 500ని 20తో గుణిస్తే మొత్తం 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే దాదాపు 42. గడియారం చూస్తూ నిమిషానికి 42 చుక్కలు పడేలా చక్రం తిప్పి పెట్టాలి. పుస్తకంలో దీన్ని ఒక సూత్రంగా రాసి బట్టీ పట్టిస్తారు, పరీక్ష హాల్లో సూత్రం మరిచిపోతే అంతే సంగతులు. ఆ అమ్మాయి నాన్న టమోటా తోటలో చేసేదీ ఇదే. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్ల మందు కలపాలంటే 15 లీటర్ల ట్యాంకుకు 30 పోస్తాడు. డబ్బా మీద గాఢత మారితే కొలత మారుస్తాడు. ఆ పొలం గట్టు మీద పెరిగిన పిల్లకు లెక్క రాదని చెప్పి పంపేస్తున్నారంటే, చెప్పిన తీరులో లోపం ఉంది. ఇంగ్లండు వెళ్లాలనుకునే నర్సుకు పెట్టే కంప్యూటర్ పరీక్షలో ఈ లెక్కలకే ఒక భాగం ప్రత్యేకంగా ఉంది. అందులో తప్పితే మిగతా భాగంలో ఎంత బాగా రాసినా పాసు కానట్టే.

కళాశాల చూడ్డానికి వెళ్లిన తండ్రి భవనం చూసి తిరిగి వస్తాడు. చూడవలసింది మంచాలు. విద్యార్థి ఒక్కరికి ముగ్గురు రోగులైనా ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఆసుపత్రి వార్డులోకి ఒకసారి నడిచి వెళితే చాలు, సంగతి తెలిసిపోతుంది. దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయా, మనుషులు పడుకుని ఉన్నారా? వరండాలో రోగుల బంధువులు అన్నం క్యారియర్లతో కూర్చుని ఉన్నారా? రద్దీగా ఉన్న ప్రభుత్వాసుపత్రికి పిల్లల్ని పంపి పని నేర్పించే కళాశాల, అద్దాల భవనంలో ఖాళీ వార్డు చూపించే కళాశాల కంటే ఎంతో మేలు. మూడో సంవత్సరంలో ఇన్ని కాన్పులు చూశాను, ఇన్ని కాన్పులు చేశాను అని రికార్డు నింపి సంతకం పెట్టించుకోవాలి. కాన్పులే లేని ఆసుపత్రిలో ఆ రికార్డు ఎలా నిండుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. పక్క అమ్మాయి రికార్డు చూసి రాస్తారు. పేర్లు మారుతాయి, బిడ్డ బరువు అటూ ఇటూ వంద గ్రాములు మారుతుంది. పరీక్షకుడి ముందు ఆ రికార్డు చెల్లుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం రాత్రి డ్యూటీలో, నొప్పులతో వచ్చిన గర్భిణి ముందు చెల్లదు.

హాజరు సంగతీ అంతే. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి, చివరికి సర్టిఫికెట్ చేతికి రావాలంటే ప్రాక్టికల్ పని నూటికి నూరు పూర్తి కావాలి. జాతరకనీ, అక్క పెళ్లికనీ పదిహేను రోజులు ఇంట్లో ఉంచేసుకునే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. ఆ రోజులు చివరలో తిరిగి చేయవలసినవే.

చేరకముందే చూడవలసిన కాగితాలు మూడున్నాయి. ఆ కళాశాలకు ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? పరీక్ష పెట్టే బోర్డు లేదా విశ్వవిద్యాలయం అనుబంధం ఉందా? భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ సంవత్సరానికి పేరు ఉందా? ఆ సంవత్సరానికి అన్న మాట ముఖ్యం. నిరుడు ఉన్న పేరు ఈ ఏడు లేకపోవచ్చు. ఈ జాబితా అవసరమా కాదా అన్న తగాదా 2017లో కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది. కళాశాలలకూ కౌన్సిలుకూ తగాదా వస్తే నలిగేది పిల్లలే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో తేవడానికి పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టం ఏదైనా, పలమనేరు నుంచి కోలారు వెళ్లి చదివిన బిడ్డ తిరిగొచ్చి చిత్తూరు జిల్లాలో పని చేయాలంటే అక్కడ నమోదై, నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో మళ్లీ నమోదు కావాలి. గోడ మీద కాగితం అంటించిన మనిషి ఈ సంగతి చెప్పడు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ కళాశాలకు, ఆ కోర్సుకు వర్తిస్తుందా లేదా అన్నదీ అతను చెప్పడు. చేరాక తెలిస్తే అప్పుడు చేయగలిగింది అప్పు ఒక్కటే.

ఇక పరీక్షల సంగతి. ఈ దేశంలో ఇంతకాలం నర్సుకు విడిగా లైసెన్సు పరీక్ష లేకుండానే నడిచింది. చదువు పాసైతే కౌన్సిల్లో పేరు ఎక్కుతుంది, పేరు ఎక్కితే నర్సు. అందుకే చాలామంది చివరి సంవత్సరం పరీక్షతో పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెడతారు. కానీ మంచి జీతమున్న ప్రతి తలుపు దగ్గరా ఇప్పుడు ఒక పరీక్ష కాపలా ఉంది. ఒక్క రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగం మాత్రం కొంత వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వెలువడుతూ వచ్చిన ప్రకటనల ప్రకారం ఆ ఎంపికలో 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకే. మిగిలినవి పాసై గడిచిన సంవత్సరాలకు, కాంట్రాక్టు సేవకు. అంటే మొదటి ఏడాది అనాటమీలో అయిదు మార్కులు పోగొట్టుకున్న అమ్మాయి, అయిదారేళ్ల తర్వాత మెరిట్ జాబితాలో వందమంది వెనక పడవచ్చు. కేంద్రం వైపు చూస్తే, 2020 నుంచి ఎయిమ్స్ ఆసుపత్రులు నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష పెడుతున్నాయి. మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులో ఉంది. బీఎస్సీ చదివినవారు నేరుగా రాయవచ్చు. జనరల్ నర్సింగ్ చేసినవారికి 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. 20 పడకల నర్సింగ్ హోములో నాలుగేళ్లు చాకిరీ చేసి, ఆ అనుభవం లెక్కకు రాదని దరఖాస్తు నింపేటప్పుడు తెలుసుకోవడం కంటే బాధ మరొకటి ఉండదు.

విదేశాల దారిలో గల్ఫ్ దేశాలకు ప్రోమెట్రిక్ పరీక్ష, ఇంగ్లండుకు ఇంగ్లీషు పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక బొమ్మ రోగి మీద చేసి చూపించే పరీక్ష ఉన్నాయి. ఇంగ్లీషు పరీక్షలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాస్తే చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్. అదే పరీక్షను 2015 నుంచి కెనడా, 2020 నుంచి ఆస్ట్రేలియా కూడా వాడుతున్నాయి. దీని తీరు కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బట్టీ చదువును ఇంతగా బయటపెట్టే పరీక్ష మరొకటి లేదు.

ఎన్‌క్లెక్స్‌లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉండదు. ఒక ప్రశ్నకు సరైన జవాబిస్తే యంత్రం తర్వాత మరింత కష్టమైనది ఇస్తుంది, తప్పితే సులువైనది ఇస్తుంది. ఇలా మనిషి స్థాయిని తూకం వేస్తూ పోతుంది. తూకం తేలితే 85 ప్రశ్నలకే ఆగిపోవచ్చు, తేలకపోతే 150 దాకా పోవచ్చు. గడువు 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి ఒక రోగి కథ మొత్తం ఇచ్చి, దాని మీద వరుసగా ప్రశ్నలడిగే పద్ధతి కూడా వచ్చింది. తప్పితే 45 రోజుల తర్వాతే మళ్లీ రాయాలి. రుసుము 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు పైన మరో 150, దానికి పన్ను. బెంగళూరు, చెన్నై, హైదరాబాదులలో కేంద్రాలున్నాయి. పలమనేరు వారికి బెంగళూరే దగ్గర.

ప్రశ్నల తీరు ఎలా ఉంటుందంటే, నలుగురు రోగులున్నారు. ఆపరేషనై రెండో రోజున్న మనిషి నొప్పి మాత్ర అడుగుతున్నాడు. చక్కెర రోగి భోజనం ఇంకా రాలేదంటున్నాడు. ఇంటికి వెళ్లవలసిన ఆమె కాగితాల కోసం ఎదురు చూస్తోంది. కాలు విరిగి రెండు రోజులుగా మంచం మీదున్న కుర్రాడికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. నర్సు మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి? నాలుగూ నర్సు పనులే, నాలుగూ చేయవలసినవే. కానీ విరిగిన ఎముకలోని కొవ్వో, కాలిలో గడ్డకట్టిన రక్తమో ఊపిరితిత్తికి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. జవాబు ఆ కుర్రాడు. ఇక్కడి చివరి పరీక్షలో ఇదే విషయాన్ని "ఎముక విరుగుటను నిర్వచించి, రకాలు, లక్షణాలు, నర్సింగ్ మేనేజ్‌మెంటు రాయుము" అని అడుగుతారు. పేజీలు నింపితే మార్కులు. పేజీలు నింపి 70 శాతం తెచ్చుకున్న అమ్మాయి ఆ నలుగురు రోగుల ముందు తికమకపడితే ఆశ్చర్యం లేదు. ఆమెకు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. వార్డులో రౌండ్ల సమయంలో ట్యూటర్ రోజుకో ప్రశ్న ఇలా అడిగితే, మూడేళ్లలో వెయ్యి ప్రశ్నలవుతాయి. అందుకు కోచింగ్ సెంటరు అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.

పరీక్ష పాసైన మర్నాడే విమానం ఎక్కుతారన్న మాట నమ్మడానికి వీల్లేదు. అమెరికా గ్రీన్‌కార్డు వరుసలో భారతదేశంలో పుట్టిన వారికి, నర్సులు వచ్చే తరగతిలో, పదేళ్లకు పైబడి వేచి ఉండాల్సి వస్తోంది. ఆ సంగతి దాచి డబ్బు కట్టించుకునే వారున్నారు. ఈ పడమటి మండలాల్లో కువైటు మాట తెలియని ఇల్లు తక్కువ. తల్లి అక్కడ ఇంటిపనికి వెళ్లి పంపిన డబ్బుతో చదివిన కూతురు, అదే కువైటుకు నర్సుగా వెళ్లాలని ఆశపడుతోంది. ఆ ఆశ మంచిదే. దాని చుట్టూ తిరిగేవారే మంచివారు కారు. కువైటుకు నర్సులను పంపే ఒక ఏజెన్సీ 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట 19.5 లక్షలు వసూలు చేసిందని కేరళలో 2015లో సీబీఐ కేసు నమోదైంది. అక్షరం అదే, సున్నాలు పెరిగాయి. విదేశీ ఉద్యోగాలకు పంపే లైసెన్సు ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఎందుకని ప్రశ్నించాలి, రసీదు అడగాలి. 2015 నుంచి గల్ఫ్ సహా కొన్ని దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలన్న నియమం తెచ్చారు. రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటి ప్రభుత్వ సంస్థ. మధ్యవర్తి ఇంటికి వెళ్లేముందు అక్కడ విచారించడం మేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు, ఆఖరికి పని ఇచ్చిన ఆసుపత్రి చేతిలో కూడా.

పరీక్షకు చదవాలంటే పొద్దు కావాలి. అది లేకపోవడమే అసలు చిక్కు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన కొత్త నర్సు ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి పనిచేస్తుంది. మనిషి తక్కువైన రోజు రెండు డ్యూటీలు వరసగా పడతాయి. రాత్రంతా నిలబడి వచ్చిన కళ్లకు పుస్తకం ఆనదు. జీతం చూస్తే ఇంటికి పంపగా మిగిలేది హాస్టల్ అద్దెకే సరి, పరీక్ష రుసుము ఎక్కడ నుంచి తేవాలి? నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. దాని ప్రకారం కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 100 నుంచి 200 పడకలున్నవి అంతకు 10 శాతానికి మించి తగ్గించకూడదని, 50 నుంచి 100 పడకలున్నవి 25 శాతానికి మించి తగ్గించకూడదని, 50 లోపు పడకలున్న చోటైనా నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఉండకూడదని చెప్పింది. పదేళ్ల కిందటి 20,000 అది. ఇన్నేళ్లలో పాల ధర, బియ్యం ధర, బస్సు ఛార్జీ ఎంత పెరిగాయో ఇల్లు నడిపే ప్రతివారికీ తెలుసు. ఆ అంకె కూడా అందని నర్సులు ఇంకా ఉన్నారంటే, కార్మిక శాఖ అధికారులు ఎప్పుడైనా ఒక నర్సింగ్ హోము మస్టరు పుస్తకం తెరిచి చూశారా అని అడగవలసి వస్తోంది.

ఇంత కష్టపడి ఈ బిడ్డలు పైకి వస్తే ఊరికి ఏమి లాభం, వాళ్లు దేశం దాటి పోతారు గదా అనేవారున్నారు. అందరూ పోరు. బీఎస్సీ నర్సింగ్ చదివిన వారిని రాష్ట్రంలో గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా నియమించారు. బీపీ చూడ్డం, చక్కెర పరీక్ష, గర్భిణులను గమనించడం, మందులివ్వడం అక్కడే జరుగుతున్నాయి. "తల తిరగతా ఉండాదమ్మా, కండ్లు బైర్లు కమ్మతా ఉండాయి" అని వచ్చిన ముసలమ్మ మాట ఈ నేల బిడ్డకు ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. నిన్న ఏమి తిన్నావని, మాత్ర వేసుకున్నావా మానేశావా అని అడిగి, అది చక్కెర పడిపోవడమో బీపీ పెరగడమో పరీక్షించి చూస్తుంది. మొదటి ఏడాది హైపోగ్లైసీమియా మాట దగ్గర ఆగిపోయి ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయే ఆ కుర్చీలో ఉండవలసింది.

చేయవలసిన పనులు కొన్ని పెద్దవి, ప్రభుత్వం చేయాలి. కొన్ని చిన్నవి, ఇక్కడే చేసుకోవచ్చు. మదనపల్లె, ఆరోగ్యవరం, వేలూరు ఆసుపత్రుల్లో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన సిస్టర్లు ఈ పట్టణాల్లో, పల్లెల్లో ఉన్నారు. నర్సింగులో చేరబోయే పిల్లలకు వేసవిలో వారానికి రెండు పూటలు ఆ యాభై, అరవై మాటలు, ఆ చుక్కల లెక్క చెప్పమని పంచాయతీ వారో, మహిళా సంఘం వారో వెళ్లి అడిగితే కాదనేవారు తక్కువ. హైస్కూలులో ఒక గది, ఒక నల్లబల్ల చాలు. చెప్పేవారికి రాకపోకల ఖర్చు ఇస్తే మర్యాద.

రెండోది గ్రంథాలయం. పోటీ పరీక్షల బీరువాలో కానిస్టేబులు, గ్రూప్ టూ, టీచరు ఉద్యోగాల పుస్తకాలుంటాయి. నర్సింగు ప్రశ్నల పుస్తకం, ఒక మంచి మెడికల్ నిఘంటువు ఉండవు, ఎవరూ అడగలేదు గనుక. పుంగనూరు, పలమనేరు, కుప్పం శాఖా గ్రంథాలయాల్లో ఈ రెండూ పెట్టమని, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నర్సు చదువుకునేందుకు రాత్రి తొమ్మిది దాకా ఒక గది తెరిచి ఉంచమని పాఠకులు అర్జీ పెట్టవచ్చు. అర్జీ చిత్తూరులోని జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పుస్తకాల కొనుగోలు జాబితా తయారు కాకముందే చేరాలి.